జ్వరమొచ్చినా వరదొచ్చినా: ఇంజనీరింగ్ విద్యార్థి హాజరు, మిడ్, సెమిస్టర్ కాపాడుకోవడం ఎలా

భీమవరం, అమలాపురం, నర్సాపురం, కాకినాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం కాకినాడ జేఎన్‌టీయూ నిబంధనల మీద నడుస్తాయి. 2023-24లో చేరిన బ్యాచ్ నుంచి ఆర్23 రెగ్యులేషన్ అమల్లో ఉంది. ఇక్కడ చెప్పే హాజరు, మార్కుల అంకెలన్నీ దానివే. మీది అటానమస్ కాలేజీ అయితే సొంత రెగ్యులేషన్ పుస్తకం ఉంటుంది. డిగ్రీ చదివేవారికి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నిబంధనలు వేరు. అంకెలు అందులో చూసుకోండి, పద్ధతి మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే.

ముందు ఒక అపోహ తీసేసుకోవాలి. సెమిస్టర్ పరీక్ష రోజు మంచం పట్టినవాడికి వేరే రోజు పరీక్ష పెట్టే ఏర్పాటు మన దగ్గర లేదు. డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని ఎగ్జామ్ సెక్షన్ కిటికీ దగ్గర ఎంత బతిమాలినా ఆ గుమస్తా చేతిలో ఏమీ ఉండదు. ఏది ఎవరి చేతిలో ఉందో తెలిస్తే సగం పని అయినట్టే. అసైన్‌మెంట్ గడువు సబ్జెక్టు చెప్పే సారు చేతిలో ఉంటుంది. మిడ్ పరీక్ష (సెమిస్టర్ నడుస్తుండగా కాలేజీలో పెట్టేది) పోతే మార్కుల లెక్కే కొంత సర్దుతుంది. హాజరు తగ్గితే కాలేజీ అకడమిక్ కమిటీ చూస్తుంది. సెమిస్టర్ పేపరు పోతే సప్లీ (తర్వాత పెట్టే సప్లిమెంటరీ పరీక్ష), అంతే.

మొదటి రోజే చేయాల్సినవి

జ్వరం తగిలిన రోజే, తగ్గాక కాదు, క్లాస్ ఇన్‌చార్జ్‌కి వాట్సాప్‌లో ఒక ముక్క పంపండి: రోల్ నంబరు, బ్రాంచి, సెక్షన్, ఏ తేదీ నుంచి రాలేకపోతున్నారు, ఎందుకు. అదే సంగతి హెచ్‌ఓడీకి (మీ బ్రాంచి హెడ్‌కి) మెయిల్ చేయండి. ఫోన్లో చెప్పిన మాటకు నెల తర్వాత సాక్ష్యం ఉండదు, మెయిల్‌కి తేదీ ఉంటుంది.

రెండు మూడు రోజుల్లో నాన్నగారో అన్నయ్యో కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ పేర ఉత్తరం ఇవ్వాలి. ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి తపాల్లో (కాలేజీ ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. ఈ రెండో కాపీయే తర్వాత మీకు ఆధారం. చాలామంది ఉత్తరం ఇచ్చి ఖాళీ చేతులతో వచ్చేస్తారు. సెమిస్టరు చివర్లో ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో ఎవరికీ తెలియదు.

ఉత్తరంలో కథ వద్దు. ఎవరు, ఏ రోల్ నంబరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. కారణం ఒక వాక్యం. ఆ రోజుల్లో పోయినవి ఏమిటి (మిడ్ తేదీ, ల్యాబ్, అసైన్‌మెంట్). మీరు అడిగేది ఏమిటి. జతచేసిన కాగితాల జాబితా. అడిగేది స్పష్టంగా ఉండాలి. ‘దయచేసి సహకరించగలరు’ అంటే ఎవరూ ఏమీ చేయరు. ‘ఫలానా అసైన్‌మెంట్ ఫలానా తేదీలోగా ఇవ్వడానికి అనుమతి’ అంటే అవునో కాదో తేలుతుంది.

ఏ డాక్టరు కాగితం చెల్లుతుంది

మన ఊళ్లలో జ్వరమొస్తే మొదట వచ్చేది ఊరి ఆర్ఎంపీ. సెలైన్ ఎక్కిస్తాడు, తగ్గుతుంది కూడా. కానీ ఆయన రాసిచ్చే సర్టిఫికెట్ కాలేజీలో చెల్లదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న డాక్టరు సంతకమే కావాలి. వైద్యం ఎక్కడ చేయించుకున్నా, మొదటి రెండు రోజుల్లో ఒకసారి పీహెచ్‌సీకో ఏరియా ఆసుపత్రికో వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. తర్వాత రాసే సర్టిఫికెట్‌కి ఆ చీటీయే పునాది.

అమ్మవారు పోసినప్పుడు ఇబ్బంది మరీ ఎక్కువ. ఇంట్లో వేపాకు కట్టి, ఆసుపత్రి ఊసెత్తనివ్వరు. నమ్మకం నమ్మకమే, దాన్ని కాదనక్కర్లేదు. కానీ పొక్కులు కనిపించిన రోజు ఒక్క ఓపీ చీటీ ఉంటే చాలు, ఆ తర్వాత ఇంట్లోనే ఉండొచ్చు. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా, అంటే మామూలుగా వారం దాకా, అంటుతుంది కాబట్టి మీరు క్లాసుకు రాకపోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాగితం లేకపోవడాన్నే తప్పుపడతారు.

సర్టిఫికెట్ చేతికి రాగానే చూసుకోవాల్సినవి: డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మీ సంతకం లేదా పుట్టుమచ్చ వివరం, జబ్బు పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి, రాసిన తేదీ. డెంగీ అయితే రక్తపరీక్ష రిపోర్టు, ప్లేట్‌లెట్ల లెక్క జతచేయండి. అడ్మిట్ అయితే డిశ్చార్జ్ సమ్మరీ అన్నిటికంటే బలమైనది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినా ఆ కాగితం అడిగి తీసుకోండి. తిరిగి క్లాసుకు వెళ్లే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. దీన్ని మర్చిపోయేవారు చాలామంది.

తేదీ వెనక్కి వేసి రాయించుకునే ఆలోచన మానుకోండి. వైద్యుల వృత్తి నియమాలు 2002 ప్రకారం డాక్టరు తాను ఇచ్చిన సర్టిఫికెట్లకు రిజిస్టర్ పెట్టాలి. కాలేజీ వాళ్లు ఫోన్ చేసి ఆ తేదీకి పేరుందా అని అడిగితే కథ అక్కడితో అడ్డం తిరుగుతుంది. అప్పుడు నిజంగా జబ్బు చేసిన రోజుల కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

హాజరు లెక్క: 75, 65, 40

సెమిస్టర్ పరీక్షకు కూర్చోవాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు, ఒక్కో సబ్జెక్టులో కనీసం 40 శాతం ఉండాలి. మొత్తం హాజరు 65కి తగ్గకుండా 75 లోపు ఉంటే, సరైన కారణం చూపి, ఫీజు కట్టి కాండొనేషన్ (తగ్గిన హాజరుకు మాఫీ) అడగొచ్చు. 65 లోపు పడితే ఏ కారణానికీ మినహాయింపు లేదు. డిటైన్ చేస్తారు, ఆ సెమిస్టరు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

దీన్ని రోజుల్లోకి మార్చుకుంటేనే అర్థమవుతుంది. సెమిస్టర్లో 75 పనిరోజులు, రోజుకు 6 పీరియడ్లు అనుకుందాం. మొత్తం 450. వాటిలో 75 శాతం అంటే 338 పీరియడ్లు ఉండాలి, అంటే 112 పోగొట్టుకోవచ్చు: 18 రోజుల పైచిలుకు. 65 శాతానికి 293 కావాలి, అంటే 157 పోవచ్చు: 26 రోజులు. సెమిస్టర్ మొత్తానికి 18 రోజులు మీ సొంతం, ఆ తర్వాత 8 రోజులు కమిటీ దయ, ఆపైన గోడ. ఇప్పటికే సినిమాలకీ జగ్గన్నతోట తీర్థానికీ 10 రోజులు ఖర్చుపెట్టినవాడికి టైఫాయిడ్ వస్తే 8 రోజులకే కమిటీ ముందు నిలబడాలి. ల్యాబ్ ఒక్క పూట పోతే మూడు పీరియడ్లు పోయినట్టే, సగం రోజు.

అందరూ పొరబడేది ఒకచోట. మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు హాజరులో కలుస్తాయనుకుంటారు. కలవవు. మీ 68 శాతం 68గానే ఉంటుంది. ఆ సర్టిఫికెట్ పని ఒక్కటే, 65కీ 75కీ మధ్య ఉన్నవాణ్ని కమిటీ ముందు నిలబెట్టడం. 64 ఉన్నవాడికి దొంతర కాగితాలున్నా ఉపయోగం లేదు. కాబట్టి జబ్బు నుంచి లేచాక మొదటి పని నెలవారీ హాజరు పట్టికలో మీ అంకె చూసుకోవడం. 70 కింద కనిపిస్తే ఇక మిగిలిన రోజులు ఒక్క పీరియడూ వదలకండి. శనివారం మధ్యాహ్నం పీరియడుకైనా ఉండాలి.

పట్టికలో తప్పు పడితే (వచ్చిన రోజు ఆబ్సెంట్ వేస్తే) ఆ వారంలోనే సారుకి చూపించి సరిచేయించుకోండి. ఆటల పోటీలకు, ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లేవారు వెళ్లే ముందే ఓడీ (ఆన్ డ్యూటీ) ఉత్తరం మీద హెచ్‌ఓడీ సంతకం తీసుకోవాలి. తిరిగొచ్చి అడిగితే అది అప్పటికి చల్లారిన వార్త.

ఇంకో మెలిక: ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా 75 శాతం హాజరు నిబంధన ఉంది, అది విశ్వవిద్యాలయం నిబంధనకు సంబంధం లేకుండా వేరే దారిలో నడుస్తుంది. కాండొనేషన్ దొరికి పరీక్ష రాసినంత మాత్రాన అక్కడా గట్టెక్కినట్టు కాదు. కాలేజీలో స్కాలర్‌షిప్పుల పని చూసే గుమస్తాని విడిగా కనుక్కోండి.

కాండొనేషన్ దరఖాస్తు ఫారం, ఫీజు రసీదు, మెడికల్ కాగితాలు, ముద్ర ఉన్న ఆ పాత ఉత్తరం కాపీ, నాన్నగారి సంతకం, ఈ ఐదూ కలిపి ఒకేసారి ఇవ్వండి. క్లాసులు ముగిసే వారంలో గడువు తేదీ నోటీసు బోర్డు మీద పెడతారు. ఆ తేదీ దాటిన దరఖాస్తు హాల్ టికెట్ల జాబితాలోకి ఎక్కదు.

మిడ్, అసైన్‌మెంట్, ల్యాబ్

ఒక్కో మిడ్‌కు 30 మార్కులు: ఆబ్జెక్టివ్ 10, డిస్క్రిప్టివ్ 15, అసైన్‌మెంట్ 5. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. ఒకటి రాయకపోతే రాసినదానికి 80 శాతం, రాయనిదానికి సున్నా.

రెండో మిడ్‌లో 25 వచ్చి మొదటిది పూర్తిగా పోతే 20 మార్కులు చేతికొస్తాయి. మొదటిది జ్వరంతో రాసి 10 తెచ్చుకుని ఉంటే మొత్తం 22 అయ్యేది. తేడా రెండు మార్కులు. 103 డిగ్రీల జ్వరంతో బస్సెక్కి వెళ్లడానికి రెండు మార్కులు కారణం కాదు. అయితే మొదటి మిడ్ పోయినవాడు రెండోదాన్ని ప్రాణంలా చూసుకోవాలి, ఎందుకంటే ఇక అతని ఇంటర్నల్స్ (మిడ్‌ల నుంచి వచ్చే 30 మార్కులు) అన్నీ దాని మీదే.

పాసు కావాలంటే సెమిస్టర్ పేపర్లో 70కి 35 శాతం, అంటే 25; అన్నీ కలిపి 100కి 40. ఇంటర్నల్స్ 15 వచ్చాయంటే పేపర్లో 25 తెచ్చుకుంటే చాలు. రెండు మిడ్‌లూ పోయి సున్నా ఉంటే పేపర్లోనే 40 తేవాలి. ఈ లెక్క ముందే వేసుకుంటే దేనికి ఎంత భయపడాలో తెలుస్తుంది.

గడువు పెంపు అనేది నిజంగా దొరికేది అసైన్‌మెంట్ దగ్గరే. అది కూడా సారు మార్కులను పోర్టల్‌లో ఎక్కించే దాకానే. ఎక్కించాక ఆయన తలచుకున్నా మార్చడం కష్టం. అడిగేటప్పుడు ‘కొంచెం టైమివ్వండి సార్’ అనకుండా, ‘మంగళవారం సాయంత్రానికి ఇస్తాను సార్’ అనండి, ఆ మంగళవారానికి ఇచ్చేయండి. ఐదు మార్కులే కదా అని వదిలేసేవాళ్లు పైన చెప్పిన 15 లెక్కను మళ్లీ చూసుకోవాలి.

ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పరీక్ష వేరు. దాన్ని బ్యాచ్‌ల వారీగా పెట్టి ముగించేస్తారు. మీ బ్యాచ్ ఉదయం ఉండి మీకు బాగోలేకపోతే వెంటనే ల్యాబ్ ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేయించి మధ్యాహ్నం బ్యాచ్‌లోకో మర్నాటి బ్యాచ్‌లోకో మార్చమని అడగండి. మిగిలిన బ్యాచ్‌లు ముగిసేదాకానే ఆ అవకాశం.

గోదావరి పెరిగితే

రెండో మిడ్, సెమిస్టర్ పరీక్షల్లో ఏదో ఒకటి జూలై-సెప్టెంబరు నడుమ పడటం డెల్టా విద్యార్థికి కొత్త కాదు. లంక గ్రామాల్లో ఉన్నవారు పరీక్షల టైమ్‌టేబుల్‌తో పాటు గోదావరి మట్టం కూడా చూసుకోవాలి. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. పైన పెరిగిన నీరే ఆ తర్వాత కిందికి వస్తుంది, కాబట్టి భద్రాచలం అంకె మీకు ముందస్తు కబురు.

అక్కడ 43 దాటి, మీ పరీక్ష మూడు రోజుల్లో ఉంటే ఇంట్లో ఉండకండి. కాలేజీ ఉన్న ఒడ్డుకు చేరిపోండి, పిన్నిగారి ఇంటికో స్నేహితుడి రూముకో. ఒడ్డు మారడం గుర్తుపెట్టుకోండి. అమలాపురం పిన్నిగారింట్లో ఉండి నర్సాపురంలో పరీక్ష అంటే మధ్యలో గోదావరి వశిష్ఠ పాయ ఉంది. సఖినేటిపల్లి-నర్సాపురం పంటు (ఏరు దాటించే పెద్ద పడవ), కోటిపల్లి-ముక్తేశ్వరం రేవు వరద పెరగగానే ఆపేస్తారు. మొదటిదానికి బదులు దిండి-చించినాడ వంతెన, రెండోదానికి బదులు ఎదుర్లంక-యానాం వంతెన. రెండూ చుట్టుదారులే, ఆ రోజుల్లో జనం అంతా అటే పడతారు కాబట్టి మామూలు రోజు పట్టే సమయానికి రెట్టింపు వేసుకోండి. కనకాయలంక కాజ్‌వే లాంటి చోట్ల నీళ్లు రోడ్డెక్కాక ఇక పడవే గతి, పరీక్ష కోసం నాటు పడవలో ప్రవాహానికి అడ్డం పడొద్దు. సప్లీ ఆరు నెలల తర్వాతైనా వస్తుంది.

హాల్ టికెట్, ఐడీ కార్డు, ఫీజు రసీదు పాలిథిన్ కవర్లో పెట్టి, ఫొటోలు తీసి ఫోన్లోనూ మెయిల్లోనూ ఉంచండి.

కలెక్టరు సెలవు ప్రకటించారు కదా, పరీక్ష ఉండదులే అనుకుని ఇంట్లో ఉండిపోవడం ఏటా జరిగే పొరపాటు. విశ్వవిద్యాలయం పరీక్ష వాయిదా పడిందంటే దాని సొంత సర్క్యులర్ ఉండాలి. ఆ సర్క్యులర్‌ను విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చూడండి లేదా కాలేజీకి ఫోన్ చేయండి. గ్రూపులో ఎవరో పంపిన ఫొటోలో తేదీ పాతది కావచ్చు.

ఊరు నీళ్లలో చిక్కుకుపోయి నిజంగానే రాలేకపోతే ఒక్కరు రాసే ఉత్తరానికి బరువు తక్కువ. అదే ఊరి, చుట్టుపక్కల ఊళ్ల విద్యార్థులందరి హాల్ టికెట్ నంబర్లు, ఊరు, మండలం ఒకే జాబితాగా తయారుచేసి, ప్రిన్సిపాల్ ద్వారా కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కు పంపించండి. వీఆర్వో రాసి తహసీల్దారు సంతకం చేసిన ధ్రువీకరణ (ఫలానా తేదీల్లో ఈ గ్రామానికి రాకపోకలు లేవు అని) జతచేయండి. పరీక్షకు ముందు చేరితే వాయిదా ఆలోచనకు ఆస్కారం ఉంది. తర్వాత చేరితే అది రికార్డులో ఉండే కాగితం మాత్రమే.

సెమిస్టర్ పేపరు పోయినప్పుడు

ఎంత బాగోలేకపోయినా పరీక్ష ఫీజు మాత్రం గడువులో కట్టేయండి. ఫీజు కట్టనివారికి హాల్ టికెట్ రాదు. రాయలేకపోయిన పేపరుకు మార్కుల మెమోలో ఆబ్సెంట్ పడుతుంది. మిగిలిన పేపర్లు వదలకండి, ఒకటి పోయిందని అన్నీ మానేసేవాళ్లను ప్రతి పరీక్షల్లో చూస్తాం. పోయిన పేపరు ఇంటర్నల్ మార్కులు అలాగే ఉంటాయి, సప్లీలో బయటి 70 రాస్తే చాలు. సప్లీ నోటిఫికేషన్ సాధారణంగా జూనియర్ల రెగ్యులర్ పరీక్షలతో కలిసి వస్తుంది. అది మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, మీరే కాచుకుని ఉండాలి.

సగం రాశాక హాల్లో కళ్లు తిరిగితే ఇన్విజిలేటర్‌కి చెప్పండి, ఆయన చీఫ్ సూపరింటెండెంట్‌ను పిలుస్తారు. చెప్పకుండా పేపరిచ్చి బయటికొస్తే అది మామూలుగా రాసిన పేపరే.

ఇంట్లో మరణం

తలకొరివి పెట్టినవారు పెద్దకర్మ దాకా ఇల్లు కదలరు. 12 రోజులంటే 72 పీరియడ్లు, పైన వేసిన లెక్కలో 16 శాతం. ఇన్‌చార్జ్‌కి కబురు స్నేహితుడి చేత పంపించినా చాలు. మరణ ధ్రువీకరణ పత్రం వెంటనే రాదు కాబట్టి, అప్పటికి ఆసుపత్రి ఇచ్చిన కాగితమో, అచ్చు వేయించిన కర్మ పత్రికో జతచేయండి. నమోదు 21 రోజుల్లో ఉచితం, తర్వాత రుసుము, నెల దాటితే అనుమతులు కావాలి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కాకినాడ ఆసుపత్రిలో పోయినవారి పత్రం కోసం మీ ఊరి పంచాయతీ కార్యదర్శి చుట్టూ తిరిగితే రోజులు వృథా.

రాయలేని చేయి, స్క్రైబ్

సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉండి రాయలేనివారికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌తో (మీరు చెబుతుంటే రాసిపెట్టే మనిషితో) పాటు గంటకు 20 నిమిషాల అదనపు సమయం వస్తుంది. మూడు గంటల పేపరుకు ఒక గంట. 40 లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి 2022లో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. బైక్ మీద పడి కుడిచెయ్యి విరిగితే అది ఈ కోవలోకి రాదు, అనుమతి విశ్వవిద్యాలయం ఇష్టం. ఎక్స్‌రే, ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ రాసిన ‘రాయలేడు’ అన్న సర్టిఫికెట్, స్క్రైబ్‌గా వచ్చే వ్యక్తి చదువు ధ్రువపత్రాలు ప్రిన్సిపాల్ ద్వారా పంపించండి. స్క్రైబ్ చదువు మీకంటే తక్కువ ఉండాలి. పరీక్ష రోజు ఉదయం స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వెళ్తే లోపలికి రానివ్వరు.

కాదన్నప్పుడు

కమిటీ కాండొనేషన్ కాదంటే, కారణం కాగితం మీద ఇవ్వమని అడగండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీకీ విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే 15 రోజుల్లోగా విశ్వవిద్యాలయం అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయొచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. 65 శాతం లోపు ఉన్న హాజరును వీళ్లు పెంచలేరు. అంకె తప్పుగా పడిందనో, గడువులో ఇచ్చిన దరఖాస్తును చూడలేదనో ఆధారంతో చూపగలిగితేనే వెళ్లండి.

డిటైన్ అయినవారు అదే సెమిస్టరు మళ్లీ మొదలయ్యే తేదీకి రీఅడ్మిషన్ తీసుకోవాలి. క్లాసులు మొదలైన తేదీ నుంచే హాజరు లెక్క పెడతారు కాబట్టి, కింది బ్యాచ్ అకడమిక్ క్యాలెండర్ ఇప్పుడే సంపాదించి, ఆ తేదీకి ముందే దరఖాస్తు తపాల్లో పడేలా చూసుకోండి. ఈలోగా రెగ్యులేషన్ మారితే కొన్ని సబ్జెక్టులు మారిపోతాయి. ఏవి ప్రత్యామ్నాయంగా రాయాలో ఎగ్జామ్ సెక్షన్ చేత జాబితా రాయించుకుని, హెచ్‌ఓడీ సంతకం తీసుకుని ఉంచుకోండి.